వదిన గొంతుకు బదులు

సూర్యాపేటలో కోదాడ బస్సు ఎక్కితే నేను డ్రైవర్‌కు దగ్గరగా ఉన్న సీట్లో కూర్చోను. వెనక ఎక్కడైనా చోటు దొరికితే అక్కడ కూర్చుంటాను, లేకపోతే నిలబడతాను. "మేడం, ముంగట సీట్లు ఖాళీ ఉన్నయ్ గదా" అంటాడు కండక్టర్. వినపడనట్టు కిటికీలోంచి బయటకు చూస్తాను. హైవే మీద ప్రతి అర నిమిషానికీ ఎవడో ఒకడు హారన్ కొడతాడు. కొట్టిన ప్రతిసారీ నా కుడికాలు దానంతట అదే నేలను తన్నుతుంది. దీన్ని ఏమంటారో నాకు తెలుసు. పదిహేనేళ్ళుగా కోదాడలో ఒక బీఎడ్ కాలేజీలో విద్యా మనోవిజ్ఞానం చెబుతున్నాను. ఇది ఏ అధ్యాయంలో ఉందో, పరీక్షలో ఎన్ని మార్కులకు వస్తుందో కూడా చెప్పగలను. చెప్పగలిగినంత మాత్రాన కాలు ఆగదు.

మాది గొర్రెలు కాసుకునే ఇల్లు. సూర్యాపేట నుంచి కోదాడ పోయే హైవేకు ఉత్తరాన, రెండు కిలోమీటర్లు లోపలికి మా ఊరు. నేను చదువుకుని ఉద్యోగంలో పడి సూర్యాపేటలో కిరాయికి ఉంటున్నాను. మా అన్న మాత్రం మందతోనే ఉండిపోయాడు. అన్న గుండెపోటుతో పోయినప్పుడు ఊరంతా వదినకు ఒకటే మాట చెప్పింది, మంద అమ్మెయ్యమని. ఆడమనిషి మంద తోలుకుని ఊళ్ళు తిరుగుతుందా అన్నారు. పిల్లలు కూడా లేరు, ఎవరి కోసం ఈ తిప్పలు అన్నారు. కర్మకాండ అయిన మూడో రోజు పొద్దున్నే ఆమె అన్న గొంగడి భుజాన వేసుకుని దొడ్డి తడిక తీసింది. నూట ఇరవై జీవాలు ఆమె వెనక నడిచాయి. "ఇవి గూడ లేకపోతే నేను పొద్దుగాల ఎందుకు లేవాలె పిల్లా" అని నాతో అంది. ఆ మాట నాకు బాగా గుర్తుంది, ఎందుకంటే ఆ తర్వాత జరిగినదంతా ఆ మంద నిలబెట్టుకోవడం కోసమే.

వదినది పెద్ద గొంతు. నాలుక మడిచి 'హుర్ర్ర్...' అని మొదలుపెట్టి చివర్లో 'యో' అని సాగదీసేది. కాలువ అవతల మేస్తున్న గొర్రె కూడా తల ఎత్తేది. మంద పరాయి చేలోకి దిగబోతుంటే ఒక్క కేక వేస్తే చాలు, కర్రతో పని లేదు. మూడేళ్ళ కింద ఆ గొంతులో గడ్డ లేచింది. హైదరాబాద్ దవాఖానలో ఆపరేషన్ చెయ్యాలన్నారు. గడ్డ తీయకపోతే ప్రాణానికి ముప్పు, తీస్తే గొంతు పోవచ్చు అని డాక్టర్ ముందే చెప్పి సంతకం తీసుకున్నాడు. గడ్డ పోయింది, గొంతు కూడా పోయింది. మిగిలింది ఉత్త గాలి మాట. చెవి దగ్గర పెట్టి వింటేనే ఏమంటుందో తెలిసేది.

ఇంటికొచ్చి కాస్త తేరుకున్నాక ఒక రోజు మందలోకి పోయి నోరు తెరిచి పిలిచింది. ఒక్క గొర్రె కూడా తల ఎత్తలేదు. నేను అక్కడే ఉన్నాను. ఆమె మళ్ళీ పిలిచింది, మళ్ళీ. చివరికి గట్టు మీద కూర్చుని గొంగడి తల మీదికి లాక్కుంది. విజిల్ కొనిచ్చాను, ఊదడానికి ఊపిరి చాల్లేదు. రేకు డబ్బా కొట్టి చూసింది. చేలోకి వచ్చిన గొర్రెలను తరమడానికి రైతులు కొట్టేది ఆ డబ్బాలే కాబట్టి మంద ఇంకా దూరంగా ఉరికింది. "ఇగ అమ్ముడే" అన్నారు ఊళ్ళో. వదిన నా చెయ్యి పట్టుకుని, "సదువుకున్నవ్ గదా, ఏమన్న ఉపాయం సూడు" అంది.

అడగడమే ఆలస్యం, నాలో ఉన్న పంతులమ్మ లేచి నిలబడింది. గంట చప్పుడు విని చొంగ కార్చిన కుక్క కథ నేను ఎన్ని బ్యాచ్‌లకు చెప్పలేదు? శబ్దం ఏదైనా ఒకటే, దాని వెంట తిండి వస్తే చాలు, నాలుగు రోజుల్లో ఆ శబ్దమే తిండి అయిపోతుంది. దీన్నే శాస్త్రీయ నిబంధనం అంటారు. ఇంత సులువైన పనికి ఇన్నాళ్ళు ఏడ్చామా అనుకున్నాను. వదినకు ఒక పాత మోపెడ్ ఉంది. దాని మీదే మిర్యాలగూడ మిల్లుల నుంచి వచ్చే తవుడు సంచి వేసుకుని మంద దగ్గరికి పోయేది. హారన్ చేతికిందే ఉంది. ఊపిరి అక్కర్లేదు, బొటనవేలు చాలు.

దసరా సెలవుల్లో మొదలుపెట్టాను. రెండుసార్లు పొట్టిగా హారన్, మనసులో మూడు లెక్కపెట్టి తొట్టిలో తవుడు. హారన్ కొట్టకుండా తవుడు పొయ్యొద్దు, తవుడు పొయ్యకుండా హారన్ కొట్టొద్దు. వదిన అచ్చం నేను చెప్పినట్టే చేసింది. నాలుగో రోజుకు తలలు ఎత్తాయి. వారం తిరిగేసరికి హారన్ వింటే చాలు, మందకు మందే దుమ్ము లేపుకుంటూ ఉరికొచ్చింది. వదిన శబ్దం లేకుండా నవ్వింది, భుజాలు మాత్రం కదిలాయి. ఆపరేషన్ తర్వాత ఆమె నవ్వగా చూడడం అదే మొదటిసారి. నాకు ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను. వీడియో తీశాను.

సెలవులయ్యాక ఆ వీడియో క్లాసులో చూపించాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. కోదాడకు చెందిన ఒక అమ్మాయి లేచి, "మేడం, మరి లారీ వాడు హారన్ కొడితే ఏమవుద్ది?" అని అడిగింది. "మంచి ప్రశ్న. అది రేపటి పాఠం" అన్నాను. మర్నాడు నిజంగానే ఆ పాఠం చెప్పాను. ఒక ఉద్దీపనకు నేర్చుకున్న ప్రతిస్పందనను ప్రాణి దాన్ని పోలిన ఇతర ఉద్దీపనలకు కూడా చూపుతుంది, దీన్ని సామాన్యీకరణం అంటారు, దీన్ని సరిదిద్దాలంటే విచక్షణ నేర్పాలి. నోట్సు చెప్పించాను. నలభై మంది రాసుకున్నారు. నేను చేతులు దులుపుకుని స్టాఫ్ రూమ్‌కు పోయి టీ తాగాను. ఆ అమ్మాయి అడిగింది పరీక్ష కోసం కాదని నా బుర్రకు తట్టనే లేదు.

ఊళ్ళో మాత్రం అప్పటికే మొదలైంది. స్కూలు వ్యాన్ హారన్ కొడితే మంద దాని చుట్టూ మూగేది. పిల్లలు కిటికీల్లోంచి చేతులు చాపి కేరింతలు కొట్టేవాళ్ళు. ఒక ఆటో అతను నన్ను రోడ్డు మీద ఆపి పంచాయితీ పెట్టాడు. "మేడం, జరగమని హారన్ కొడితే మీ జీవాలు మీదికొస్తున్నయ్. ఏం మందు పెట్టిన్రు వాటికి?" అన్నాడు. నేను నవ్వాను. నవ్వి, ఆ సంగతి కూడా క్లాసులో ఉదాహరణగా చెప్పాను. వదిన నవ్వలేదు. నా చెవి దగ్గరికొచ్చి, "గిది మంచిగ లేదేమో పిల్లా" అంది. "నేనున్న గద వదినా, సంక్రాంతి సెలవుల్ల సరిజేద్దాం" అన్నాను. సెలవులు వచ్చేదాకా ఆగమని గొర్రెలకు ఎవరు చెబుతారో నేను ఆలోచించలేదు.

వరి కోతలు అయ్యాక మా మంద ఏటా హైవే దాటి దక్షిణానికి, మిర్యాలగూడ వైపు పోతుంది. అక్కడ కోసిన మళ్ళలో కొయ్యకాళ్ళు, గడ్డి దండిగా దొరుకుతాయి. ఒక మిల్లు వెనక ఖాళీ జాగాలో మంద దిగుతుంది, మిల్లు సేటు కాదనడు. రోడ్డు దాటించడం వదినకు ఎప్పుడూ సమస్య కాలేదు. అవతలి ఒడ్డున నిలబడి ఒక కేక వేసేది, రెండు నిమిషాల్లో మంద మొత్తం ఆమె కాళ్ళ దగ్గర ఉండేది. ఆ ఏడు డిసెంబర్‌లో నేను ఒక రోజు సెలవు పెట్టి వచ్చాను. అవతలి ఒడ్డున మోపెడ్‌తో నేను, ఇవతల మంద వెనక కర్ర పట్టుకుని వదిన. పొద్దెక్కింది, మంచు కూడా లేదు, రోడ్డు రెండు వైపులా ఖాళీ. రెండు పొట్టి హారన్లు కొట్టాను. మంద కదిలింది. సగానికి పైగా నా దగ్గరికి చేరాయి.

అప్పుడు సూర్యాపేట వైపు నుంచి లారీ వచ్చింది. డ్రైవర్ మందను దూరం నుంచే చూశాడు, వేగం కూడా తగ్గించాడు. తప్పుకోమని పొడుగ్గా హారన్ కొట్టాడు, ఇంకోసారి కొట్టాడు. నా కాళ్ళ దగ్గర నిలబడ్డ గొర్రెలు తలలు ఎత్తాయి. నేను మోపెడ్ హారన్ నొక్కి పట్టుకున్నాను, ఆ లారీ హారన్ ముందు దాన్ని ఎవరు వింటారు? రోడ్డు దాటేసినవి కూడా వెనక్కి తిరిగి లారీకి ఎదురు ఉరికాయి. పెద్ద హారన్, పెద్ద తవుడు అనుకున్నాయేమో. నాకు ఎదురుగా, రోడ్డుకు ఆ పక్కన వదిన రెండు చేతులూ గొంతు మీద పెట్టుకుని నోరు బార్లా తెరిచింది. మెడ నరాలు ఉబ్బాయి. ఏ చప్పుడూ రాలేదు. బ్రేకుల చప్పుడొక్కటే వచ్చింది.

పదకొండు పోయాయి. వాటిలో రెండు చూడివి. లారీ డ్రైవర్ కిందికి దిగి రోడ్డు పక్కన గొంతుక్కూర్చుని తల పట్టుకున్నాడు. ఆంధ్ర వైపు మనిషి. "తప్పుకోవాలనే కదమ్మా కొట్టింది. హారన్ కొడితే ఎదురొస్తాయని ఎవరికి తెలుసు" అని అదే మాట మళ్ళీ మళ్ళీ అన్నాడు. వదిన అతని భుజం మీద చెయ్యి వేసి ఏదో చెప్పింది. అతనికి వినపడక నా వైపు చూశాడు. "నీ తప్పు లేదంటున్నది" అని చెప్పాను. చెప్పి, వదిన నా వైపు కూడా తిరుగుతుందేమో, నా భుజం మీద కూడా చెయ్యి వేస్తుందేమో అని చూశాను. ఆమె రోడ్డు మీద పడ్డవాటిని ఒక పక్కకు లాగుతూ ఉంది. నేను పోయి కాళ్ళ వైపు పట్టుకున్నాను.

మిర్యాలగూడ ప్రయాణం ఆగిపోయింది. మంద తిరిగి ఊరికి వచ్చింది. రెండు రోజులు వదిన నాతో మాట్లాడలేదు. అసలే మాట లేని మనిషి, మాట్లాడకపోతే తేడా ఎట్లా తెలుస్తుందని అడగొచ్చు. తెలుస్తుంది. నాకు పిచ్చెక్కిపోయింది. మూడో రోజు నేనే, "తిట్టన్న తిట్టు వదినా, గిట్ల సంపకు" అన్నాను. ఆమె నా చెవి దగ్గరికి వచ్చింది. "తిడితే ఏమొస్తది. నేర్పినవ్ గదా, మరిపియ్యి" అంది.

మరిపించడానికీ పుస్తకంలో దారి ఉంది. విరమణ అంటారు. హారన్ కొట్టాలి, తవుడు పెట్టకూడదు. కొట్టగా కొట్టగా హారన్ వెంట ఏమీ రాదని వాటికి అర్థమైతే ఉరకడం మానేస్తాయి. రోజూ సూర్యాపేటలో మొదటి బస్సు పట్టుకుని, మా ఊరి మలుపు దగ్గర దిగి, ఊళ్ళోకి నడిచి, మోపెడ్ హారన్ ఇరవైసార్లు కొట్టి, మళ్ళీ బస్సెక్కి కోదాడ పోయేదాన్ని. మొదటి రోజుల్లో ఇరవైసార్లూ వచ్చాయి. వచ్చి నా చేతులు వాసన చూసేవి, చీర కొంగు లాగేవి, తర్వాత తల ఎత్తి నా మొహంలోకి చూసేవి. ఆ చూపు తట్టుకోవడం నా వల్ల కాలేదు. అయినా మొండిగా కొట్టాను. వాటికి మేత సాయంత్రం, హారన్ లేకుండా, వదిన పెట్టేది. ఒక నోటు పుస్తకంలో రోజూ ఎన్ని వచ్చాయో రాసుకున్నాను. రెండు వారాలకు సగం తగ్గాయి. నాకు కాస్త ఊపిరి ఆడింది.

మూడో వారం మళ్ళీ పెరిగాయి. నాలుగో వారం ఇంకా పెరిగాయి, మొదటికంటే జోరుగా ఉరికొచ్చాయి. ఆగిపోయిన అలవాటు ఒక్కోసారి దానంతట అదే తిరిగి లేస్తుందని చదివాను కాబట్టి, అదే అనుకుని ఇరవైని ముప్పై చేశాను. లెక్క తప్పుతోందని చిరాకు, చిరాకులో క్లాసులో అరుపులు. నిద్ర సరిగా పట్టేది కాదు. అన్నం ముందు కూర్చుంటే బయట బండి హారన్ వినిపించేది, ముద్ద కంచంలో పెట్టేసి లేచేదాన్ని. ఎవరైనా ఏమైందని అడిగితే మీద పడేదాన్ని. పూలమ్మే ఆమెతో, చామంతులు వాడిపోయాయని, నడిరోడ్డు మీద పోట్లాడాను. అవి వాడలేదు.

ఒక రోజు విద్యార్థి సంఘాల బంద్ పిలుపు వల్ల కాలేజీ మూసేశారు. కోదాడ దాకా పోయి తిరిగి వచ్చాను. ఊరి మలుపులో దిగి నడుస్తుంటే దూరంగా ఒక ట్రాక్టర్ హారన్ వినిపించింది. మంద రోడ్డు అంచుకు ఉరికింది. అక్కడ వదిన నిలబడి ఉంది. చీర చెంగులో తవుడు పోసుకుని, వచ్చిన ఒక్కోదానికి పిడికెడు పెడుతోంది. నన్ను చూసి చెంగు దాచుకుంది, దొంగతనం చేస్తూ దొరికినట్టు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఏంజేస్తున్నవ్ వదినా? నెల దినాల సంది నేను సస్తున్న గీడ" అని అరిచాను.

"ఉరికొచ్చినయ్ పిల్లా. వచ్చినదానికి ఉత్త చెయ్యి ఎట్ల సూపియ్యాలె? రోజు గాదు, ఎప్పుడన్న ఒక్కపాలి."

"రోజు పెట్టినా ఒక తీరు ఉండేది. ఎప్పుడన్న ఒక్కపాలి పెడితేనే ఇంక గట్టిగ పట్టుకుంటయ్. ఇగ మర్సిపోవు. నువ్వే సంపుతున్నవ్ వాటిని."

అన్నాక నాలుక కరుచుకున్నాను. లారీ కిందికి తోసింది నేను, మాట అన్నది ఆమెను. వదిన కోపగించుకోలేదు. గట్టు మీద కూర్చుని, నన్నూ పక్కన కూర్చోమని సైగ చేసింది. పుస్తకంలో ఉన్నదంతా మళ్ళీ ఒకసారి నెమ్మదిగా చెప్పాను. వరసగా దొరికింది ఆగిపోతే ఆశ తొందరగా చస్తుంది, ఎప్పుడో ఒకసారి దొరికేది ఆగిపోతే ఆశ చావడానికి చాలా కాలం పడుతుంది అని.

"మనుషులకు గూడనా?" అంది.

"మనుషులకు గూడ."

"మీ అన్న గూడ గంతే. పది దినాలకొక్కపాలి నవ్వెటోడు. ముప్పై ఏండ్లు గా నవ్వు కోసమే సూసిన" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వుతూనే నాకు ఏడుపు వచ్చింది.

మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడదామన్నాను, ఈసారి పిడికెడు కూడా పెట్టకుండా. పెట్టనని ఆమె అంది. ఆరు రోజులు గడిచాయి. ఏడో రోజు ఒక కారు హారన్‌కు రెండు గొర్రెపిల్లలు ఎదురుపోయాయి. ఒకటి అక్కడే పోయింది, ఇంకోదాని కాలు విరిగింది. ఆ సాయంత్రం వదిన విరిగిన కాలికి వెదురు బద్దలు కట్టి, చేతులు కడుక్కుని వచ్చి, "ఇగ అమ్ముదాం" అంది. నేను వద్దన్నాను. ఇంకో నెల అన్నాను. వ్యాన్‌లో వేసి మిర్యాలగూడ తోలుకుపోదాం అన్నాను. "గాడ రోడ్లు లేవా, హారన్లు లేవా?" అంది. "ఇంకోటి సస్తే నేను సూడలేను పిల్లా."

గొర్రెలు కొనే బేరగాడు రెండు పెద్ద వ్యాన్లతో వచ్చాడు. వీటిని ఎటు తీసుకుపోతావని వదిన అడగలేదు, నేనూ అడగలేదు. వెనక తలుపు దించి, ఎక్కడానికి చెక్క పలక వేశారు. గొర్రెలు ఎక్కలేదు. అతని మనుషులు చెవులు పట్టి, కాళ్ళు పట్టి లోపలికి విసరడం మొదలుపెట్టారు. ఒక చూడి గొర్రె పలక మీద నుంచి జారి మోకాళ్ళ మీద పడింది. వదిన దొడ్డి తడిక పట్టుకుని చూస్తూ నిలబడింది. కాసేపటికి తడిక వదిలి, నేరుగా మొదటి వ్యాన్ దగ్గరికి పోయి, డ్రైవర్ పక్క తలుపు తీసి, లోపలికి వంగి హారన్ నొక్కింది. రెండుసార్లు, పొట్టిగా.

మంద మొత్తం తిరిగింది. ఎవరూ ముట్టుకోకుండానే, పట్టినన్ని పలక మీదుగా ఒకదాన్నొకటి తోసుకుంటూ ఎక్కాయి. కట్టు కట్టిన కాలితో ఆ పిల్ల కూడా కుంటుకుంటూ ఎక్కింది. రెండో వ్యాన్‌కు కూడా అంతే చేసింది. "ఇసుంటి బుద్ధిమంతపు జీవాలను నేను ఏడ సూడలే" అన్నాడు బేరగాడు. నాకు అక్కడ నిలబడాలని లేదు, ఎటైనా ఉరకాలని ఉంది. వదిన ఇంట్లోకి పోయి తవుడు సంచి, పెద్ద తట్ట తెచ్చింది. వ్యాన్ ఎక్కి గొర్రెల మధ్యకు దూరి, ఒక్కోదాని మూతి కింద తట్ట పెట్టి తినిపించింది. దిగి రెండో వ్యాన్ ఎక్కింది. "లేటయితది అమ్మా" అని బేరగాడు గొణిగాడు. నేను అతనికి అడ్డంగా నిలబడి, "జర ఆగు" అన్నాను. సంచి ఖాళీ అయ్యేదాకా పక్కకు జరగలేదు.

ఆమె దిగింది. డ్రైవర్ బండి స్టార్ట్ చేసి, ముందు నిలబడ్డ జనాన్ని జరగమనడానికి అలవాటుగా హారన్ మీదికి చెయ్యి చాపాడు. వదిన కిటికీలోంచి అతని మణికట్టు పట్టుకుంది. ఏదో చెప్పింది. అతనికి వినపడలేదు, నాకు వినపడింది.

"ఏమంటున్నది?" అని నన్ను అడిగాడు.

"హారన్ కొట్టకు అంటున్నది. తవుడు అయిపోయింది."

అతనికి ఏమీ అర్థం కాలేదు. అయినా ఆమె మొహం చూసి తల ఊపాడు. నేను ముందు నడుస్తూ చేతులతో జనాన్ని పక్కకు జరిపాను. రెండు వ్యాన్లూ హారన్ చప్పుడు లేకుండా ఊరు దాటాయి. హైవే ఎక్కాక కొట్టాడో లేదో మాకు తెలియదు.